టేపు మీద రాయని ఇరవై ఏడు మిల్లీలీటర్లు

ఇరవై ఏడు మిల్లీలీటర్లు. ఇరానీ చాయ్ కప్పులో సగం కూడా నిండదు. ఆ కొద్దిపాటి ద్రవాన్ని నేను తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఈ విషయం గొంతుదాకా వచ్చి, అక్వేరియం నీళ్ల ఉష్ణోగ్రత గురించో ఉప్పు శాతం గురించో మాటలుగా మారిపోయేది. వృత్తిరీత్యా నేను రసాయన విశ్లేషకురాలిని. ఒక మనిషి రక్తంలో ఏది ఎంత ఉందో దశాంశ స్థానం దాకా చెప్పి, కింద సంతకం పెట్టడం నా పని. నా సంతకం ఉన్న కాగితాన్ని ఎవరూ రెండోసారి ప్రశ్నించరు. ఆ నమ్మకాన్ని ఒకే ఒక్కసారి తప్పుగా వాడుకున్నాను. ఒక్కసారే కదా అని నాకు నేను చెప్పి చూశాను. కుదరలేదు.

అప్పట్లో నేను పంజగుట్టలో ఒక డయాగ్నస్టిక్ సెంటరులో నాణ్యత విభాగం చూసేదాన్ని. రిపోర్టుల కోసం జనం కూర్చునే హాల్లో పెద్ద సముద్రపు అక్వేరియం ఉండేది. గాజు తొట్టిలో రాళ్లు, రాళ్ల మీద పగడపు జీవులు, వాటి మధ్య తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపలు రెండు, ఒక ఎర్ర రొయ్య, కొన్ని నత్తలు. పేరు పిలిచేదాకా గోడ గడియారం చూస్తూ కూర్చునే మనుషులు ఆ తొట్టి వచ్చాక దాన్ని చూడటం మొదలుపెట్టారు. పెట్టించింది మా డాక్టరు గారు. ప్రతి ఆదివారం వచ్చి దాన్ని బతికించింది యాదగిరి అన్న.

ఆయనకు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, చేపల దుకాణం ఉండేది. రెండు మంచాలు పట్టేంత చోటు. వాళ్ల నాన్న వ్యవసాయం వదిలి నగరానికి వచ్చినవారు. అన్న చదువు పదో తరగతి దగ్గర ఆగింది. సముద్రాన్ని జీవితంలో ఒక్కసారే చూశారట. నేను కాకినాడలో పుట్టి పెరిగాను. రోజూ సముద్రపు గాలి పీల్చాను. కాని సముద్రం అడుగున ఏం బతుకుతుందో, ఎలా బతుకుతుందో నాకు నేర్పింది మాత్రం ఆయనే. ఈ మాట మొదటే రాసి పెట్టుకుంటున్నాను. తర్వాత రాయబోయేదంతా దీని పక్కన పెట్టి చదవాలి.

ఆ వేసవిలో తొట్టిలో రాళ్ల మీద జుట్టులాంటి ఆకుపచ్చ నాచు పెరిగింది. కారణం ఆయనే కనిపెట్టారు. పడమటి కిటికీ తెర ఎప్పుడూ తీసి ఉండేది, ఎండ నేరుగా పడేది. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి చేపల మీద ప్రేమకొద్దీ రోజుకు మూడుసార్లు మేత వేసేది. తెర వేయించారు. మేత తగ్గించారు. వారం వారం చేత్తో నాచు పీకారు. తగ్గుముఖం పట్టింది గాని పోలేదు. ఇంకో నెల ఇలాగే చేస్తే దానంతటదే పోతుందన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ శుక్రవారం మా సెంటరుకు తనిఖీ బృందం రావలసి ఉంది. వాళ్లు అడుగుపెట్టే హాల్లో పచ్చటి నాచు కనిపించకూడదని పట్టుబట్టాను. వాళ్ల జాబితాలో అక్వేరియం అన్న గడే లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా ఎందుకు అంత పట్టుదల? నా చేతి కింద ఉన్నదేదీ నా మాట వినకుండా ఉండకూడదన్న అహంకారం తప్ప మరో కారణం కనిపించడం లేదు.

నా పోరు పడలేక ఆదివారం నాడు ఆయన నాచు మందు తెచ్చారు. తెల్లటి చిన్న సీసా, వంద మిల్లీలీటర్లు, పక్కన కొలత గీతలు; లోపలి మట్టం వెలుతురుకు ఎత్తి పడితేనే తెలుస్తుంది. మూత తీసి, ఎలా తీసుకోవాలో సిరంజితో నాకు చూపించారు. నేను అప్పటికే లెక్క కట్టి ఉంచాను.

“తొట్టి పొడవు నూట యాభై, వెడల్పు అరవై, ఎత్తు అరవై సెంటీమీటర్లు. అంటే ఐదు వందల నలభై లీటర్లు యాదగిరి గారు. ఇరవై లీటర్లకు ఒక మిల్లీలీటరు అని సీసా మీద ఉంది. ఇరవై ఏడు పోయాలి.”

“గారు గీరు వద్దని ఎన్నిసార్లు జెప్పాలె మేడమ్? మా ఇంటామె ఇంటె నవ్వుతది. అన్నా అనుండ్రి, సాలు,” అని ఆయనే నవ్వారు. “గాజు కొలత గాదు, నీళ్ల కొలత చూడాలె. రాళ్లు మందు తాగుతయా ఏంది? నింపిననాడు ఇరువై లీటర్ల క్యాన్లు సరిగ్గ ఇరువై పట్టినయ్. నాలుగు వందల లీటర్లు.”

“అయితే ఇరవై మిల్లీలీటర్లు.”

“గది సీసా లెక్క. మన లెక్క పది. సగం పోసుడు, రెండు రోజులు చూసుడు. నాచు సచ్చుకుంట నీళ్లల్ల గాలిని సుత గుంజుకుంటది. అంత ఒక్కపారి సస్తె చేపలకు ఊపిరి ఏడికెళ్లి వస్తది?”

“మరి శుక్రవారానికి రాళ్లు శుభ్రంగా కనిపిస్తాయా?”

“సున్నం ఎయ్యమంటరా చెప్పుండ్రి, రేపే తెల్లగైతయ్!”

నేను నవ్వలేదు. ఆయన పట్టించుకోకుండా పని చేసుకుపోయారు. చేతికి అందిన నాచంతా పీకారు. మందును పీల్చేస్తుందని వడపోతలో ఉన్న బొగ్గు సంచి తీసి పక్కన పెట్టారు. గాలి పంపు ఒకటి అదనంగా బిగించి, మందు పోసే రోజున తప్పకుండా వేయాలన్నారు. నాచు పీకినందువల్ల నీళ్లు కలతబారాయి, కుదుటపడాలి, బుధవారం మధ్యాహ్నం తానే వచ్చి పోస్తానన్నారు. చివరగా తొట్టి కింద అల్మారా తలుపు మీద తెల్ల కాగితపు టేపు ముక్క అతికించారు. అది ఆయన పద్ధతి. ఆయన చూసే ప్రతి తొట్టికీ అలాంటి టేపు ఉండేది.

“పోసినోళ్లు రాయాలె. వారం, టైము, ఎంత, ఎవలు. టేపు మీద లేకుంటె నీళ్లల్ల లేనట్టే. ఎంత పడ్డదో నీళ్లను జూసి ఎవలు చెప్పలేరు మేడమ్.”

మా ప్రయోగశాలలో ఇదే నియమాన్ని నేను అందరికీ పాఠంలా చెప్పేదాన్ని. రాయని పని చేయని పనితో సమానం. ఆ మాట ఒక చేపల దుకాణం మనిషి నోట విని, లోలోపల చిన్నగా నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తుంది. ఇవాళ్టికీ ముల్లులా ఉంది.

బుధవారం ఉదయం ఏడున్నరకు, పరగడుపు రక్త పరీక్షలకు జనం ఇంకా పెద్దగా రాకముందు, నేను అల్మారా తెరిచి సీసా తీశాను. ఆయన సిరంజి వాడలేదు. ప్రయోగశాల నుంచి పిపెట్ తెచ్చాను. కచ్చితంగా ఇరవై ఏడు మిల్లీలీటర్లు తీశాను, చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. తప్పు అంకెను తప్పు లేకుండా కొలిచాను.

ఆయన చెప్పిన నాలుగు వందలను ఎందుకు నమ్మలేదు? ఈ ప్రశ్న నన్ను నేను వేలసార్లు అడిగాను. క్యాన్లు లెక్కపెట్టి నింపిన మనిషి నీళ్లను నేరుగా కొలిచాడు. నేను గాజును కొలిచి, నీళ్లను ఊహించాను. ఏది నమ్మదగిన కొలతో నా చదువే నాకు నేర్పింది. కాని ఎమ్మెస్సీ పట్టా ఉన్న నా సూత్రం ముందు, పదో తరగతి చదివిన మనిషి లెక్కించిన ఇరవై క్యాన్లు నాకు చిన్నవిగా కనిపించాయి. అంతే. దీన్ని ఇంతకంటే మర్యాదగా చెప్పే మార్గం నాకు దొరకలేదు.

పెన్ను నా జేబులోనే ఉంది. టేపు కళ్లెదురుగా ఉంది. మధ్యాహ్నం ఆయన వచ్చే ముందు ఫోన్ చేసి చెబుదాంలే, రాతలో ఎందుకు అనుకున్నాను. రాస్తే, ఆయన మాట కాదన్నట్టు అక్షరాల్లో ఉండిపోతుంది కదా. గాలి పంపు వేయడం కూడా మరిచాను. లోపలికి వెళ్లి నమూనాల పనిలో పడ్డాను.

ఆయన మధ్యాహ్నం రాలేదు. ఉదయమే వచ్చారు. వేరే పని ముందే అయిపోవడంతో మా దగ్గరికి తొందరగా వచ్చారని తర్వాత తెలిసింది. టేపు చూశారు. ఖాళీగా ఉంది. పది మిల్లీలీటర్లు పోశారు, గాలి పంపు వేశారు, రాసి వెళ్లిపోయారు. ఒంటిగంటకు భోజనానికి బయటికి వచ్చి నేను చదివాను: “బుధవారం, 9:40, పది ఎంఎల్, యాదగిరి.”

అక్కడే, హాలు మధ్యలో నిలబడే రెండు అంకెలూ కలిపాను. ముప్పై ఏడు. నాలుగు వందల లీటర్లకు ఇరవై మించకూడదు.

ఇప్పుడు చెప్పబోయేదే అసలు తప్పు. దయచేసి గమనించండి. ఉదయం చేసింది పొరపాటు. అహంకారంతో చేసిన పొరపాటే, అయినా దిద్దుకోగలిగినది. ఒంటిగంటకు చేపలు మామూలుగానే ఈదుతున్నాయి. పగడాలు విచ్చుకునే ఉన్నాయి. ఒక్క ఫోన్ చేస్తే చాలు, సగానికి పైగా నీళ్లు మార్చి, బొగ్గు నిండుగా వేసి, అన్నిటినీ కాపాడేవారు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. సీసా మీద రాసే మోతాదులో ఎంతో కొంత జాగ్రత్త కోసం మిగులు ఉంచుతారు కదా అని వాదించుకున్నాను. ఆ మిగులు ఎంతో నాకు తెలియదు. తెలియని అంకె మీద నా జీవితంలో ఎప్పుడూ ఆధారపడలేదు. ఆ రోజు ఆధారపడ్డాను. ఫోన్ లోపల పెట్టేశాను.

అయిదింటికి చేపలు రెండూ నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. రొయ్య పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు ఫోన్ చేశాను. చేపలు ఊపిరాడక కొట్టుకుంటున్నాయని చెప్పాను. అంకె చెప్పలేదు.

మెట్రో పనులతో రోడ్డంతా తవ్వి ఉన్న రోజులవి. అమీర్‌పేట నుంచి ఆటోలో నాలుగు క్యాన్ల ఉప్పునీళ్లు వేసుకుని ఆయన ఎలా వచ్చారో తెలియదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. తొట్టి చూశారు, టేపు చూశారు, నన్ను చూశారు.

“పది ఎంఎల్‌కు గిట్ల గావొద్దు మేడమ్. గీ తొట్టిల ఇంకేదన్న పడ్డదా? ఫినాయిల్ గిట్ల? ఎవలన్న ఏమన్న పోసిండ్రా?”

“నాకు తెలియదండి,” అన్నాను.

ఆయనకు కావలసింది ఒక్క అంకె. అది నా దగ్గర ఉంది. ఆయన నా మాట నమ్మి, పది మిల్లీలీటర్లకు సరిపోయే చికిత్స చేశారు. నాలుగు క్యాన్ల నీళ్లు మార్చారు, ఒక చిన్న బొగ్గు సంచి వేశారు, మరో గాలి పంపు బిగించారు. తొట్టిలో ఉన్నది ముప్పై ఏడు. దుకాణంలో ఇంకా పన్నెండు క్యాన్ల నీళ్లు సిద్ధంగా ఉండేవని తర్వాత ఆయన మాటల్లోనే తెలిసింది.

గురువారం ఉదయానికి పగడాలు తెల్లబడి, గుజ్జుగా జారిపోతున్నాయి. చేపలు రెండూ చచ్చిపోయాయి. శుక్రవారం తనిఖీ బృందం వచ్చినప్పుడు తొట్టి మీద దుప్పటి కప్పి ఉంచాం. వాళ్లు అటు చూడనేలేదు.

డాక్టరు గారు నన్ను నివేదిక రాయమన్నారు. మా పద్ధతి ప్రకారం ఏ వైఫల్యానికైనా మూలకారణం రాయాలి. రాశాను. టేపు మీద నమోదైన మోతాదు, సమయం, పోసినవారి పేరు. నీళ్లలో అమ్మోనియా ఎంత, ప్రాణవాయువు ఎంత. మూలకారణం అన్న గడిలో “బయటి వ్యక్తి పోసిన మందు” అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం మీద ప్రతి అంకె నిజం. కాగితం మొత్తం అబద్ధం. నా సంతకం కాబట్టి డాక్టరు గారు మరో మాట అడగలేదు. అన్నను రావద్దన్నారు. పంజగుట్టలో మరో రెండు క్లినిక్‌లలో ఆయనకు తొట్లుండేవి, రెండూ మా డాక్టరు గారి మాట మీద దొరికినవే. అవీ పోయాయి. పగడాలను చంపినవాడన్న పేరు మాత్రం మిగిలింది.

తర్వాతి ఆదివారం తన సామాను తీసుకెళ్లడానికి వచ్చారు. పంపులు, గొట్టాలు ఒక్కొక్కటిగా సంచిలో వేసుకున్నారు. చివరకు మందు సీసా తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, చాలాసేపు చూశారు. తొంభై ఉండాలి. అరవై మూడు ఉంది. ఆ సీసాను తెరిచింది లోకంలో ఇద్దరమే.

“మేడమ్, మీ కండ్లు మంచిగుంటయ్. గిండ్ల ఎంతున్నదో జర చదువుండ్రి.”

సీసా అందుకున్నాను. గీత స్పష్టంగా కనిపిస్తోంది.

“సరిగ్గా కనబడటం లేదండి,” అన్నాను.

ఆయన మెల్లగా తల ఊపారు. సీసా తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. డాక్టరు గారి గది తలుపు పది అడుగుల దూరంలో తెరిచే ఉంది. సీసా పట్టుకుని లోపలికి వెళ్లవచ్చు. వెళ్లలేదు. బదులుగా, నీళ్లు నింపిన ఒక ప్లాస్టిక్ సంచి నా చేతిలో పెట్టారు. లోపల బొటనవేలంత రాయి ముక్క, దాని మీద ముడుచుకుపోయిన మూడు పగడపు బొడిపెలు.

“గిదొక్కటి బతికింది. మీరు సాదుకోండ్రి. మీకు కొలతలు బాగ తెలుసు గద.”

ఆ మాటలో ఎగతాళి వెతికాను. తొమ్మిదేళ్లుగా వెతుకుతున్నాను. దొరకలేదు.

ఇప్పుడు ఆ మూడు బొడిపెలు నూటికి పైగా అయ్యాయి. అమీర్‌పేటలో నేనుండే ఇంట్లో, ముందుగదిలో, చిన్న తొట్టి నిండా ఆకుపచ్చ బొత్తాల్లా విచ్చుకుంటాయి. వాటిని బతికించడానికి ఆయన చెప్పినవన్నీ, అప్పుడు నేను సగం విని వదిలేసినవన్నీ, ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని నేర్చుకున్నాను. కోపంతో నాచుతో తలపడకూడదు, ముందు దాని మేత ఎక్కడిదో చూడాలి. చేతితో తీయగలిగినంత తీశాకే మందు. నీళ్లను కొలవాలి, గాజును కాదు. సగంతో మొదలుపెట్టాలి. గాలి పంపు ముందు, మందు తర్వాత. ఒక మందు మీద మరో మందు పోయకూడదు. పోసింది రాయాలి. తొట్లు పెంచే కొత్తవాళ్లు ఎవరైనా సలహా అడిగితే ఇదే చెబుతాను. మా పగడాలు బతికాయి మేడమ్ అని ఫోన్ చేస్తారు. ఆ కృతజ్ఞత నాది కాదు. దారి తప్పి నా ఇంటికి వచ్చిన ఉత్తరంలా దాన్ని అందుకుంటూ ఉంటాను.

మూడేళ్ల క్రితం ఒకసారి ఎర్రగడ్డ వెళ్లాను. రైతు బజారుకు దగ్గరలో ఆయన దుకాణం ఇప్పుడు. మంచినీటి చేపలే అమ్ముతారు, ఉప్పునీళ్ల జోలికి పోరు. చూడగానే లేచి నిలబడ్డారు. “మస్తు దినాలైంది మేడమ్! ఎట్లున్నది మన బిడ్డ?” అని ఆ రాయి ముక్క గురించి అడిగారు. ఫోన్‌లో ఫొటో చూపించాను. కళ్లద్దాలు సరిచేసుకుని, వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో బొత్తాన్నీ చూశారు. అంత సంతోషంగా ఉన్న ముఖానికి ఆ అంకె ఎలా చెప్పను అనుకున్నాను. అది కూడా సాకే. పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకున్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

ఆయన ఎందుకు ఊరుకున్నారో నాకు తెలియదు. నా ఉద్యోగం పోతుందనా? చెప్పినా ఎవరూ నమ్మరనా? నేనే చెబుతానని ఎదురుచూశారా? దయ అనుకోవడం నాకు సులభం. కాని నాకు సులభంగా ఉండే జవాబులను నమ్మడం మానేశాను. ఒక్కటి మాత్రం నిశ్చయంగా చెప్పగలను. నేను ఆయన పేరు చెడగొట్టిన రోజుల్లోనే ఆయన నా చేతికి ఒక ప్రాణాన్ని ఇచ్చారు. ఈ తొమ్మిదేళ్లలో నేను ఓపిక అనేది ఏమైనా నేర్చుకుని ఉంటే, దాని ముందు కూర్చునే నేర్చుకున్నాను. ఈ రుణం పేరు పశ్చాత్తాపం ఒక్కటే కాదు. చాలా రోజులుగా అందులో ఎక్కువ పాలు కృతజ్ఞతే. కృతజ్ఞత ఎంత పెరిగితే అబద్ధం అంత బరువెక్కింది.

మా వృత్తిలో తప్పు రాతను చెరపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టాలి, కింది అక్షరాలు కనిపిస్తూనే ఉండాలి, పైన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఆనాటి నివేదిక నకలు నా దగ్గర ఉంది. మూలకారణం గడిలో ఇవాళ ఒక్క గీత కొట్టాను. పైన నా పేరు రాశాను. ఒక ప్రతి డాక్టరు గారికి పంపుతున్నాను. ఆయన పని మానుకుని ఇంటిపట్టున ఉంటున్నా, ఆ రెండు క్లినిక్‌ల వాళ్లకు చెప్పవలసిన బాధ్యత ఆయనకూ నాకూ ఉందని రాశాను. రెండో ప్రతి తీసుకుని ఈ ఆదివారం ఎర్రగడ్డ వెళ్తున్నాను.

అన్న ఏమంటారో నాకు తెలియదు. ఈసారి ఆ మాట నిజం.

క్షమించమని అడగను. క్షమాపణ ఆయన చేతిలోని పని, దాన్ని నేను ముందే లెక్క కట్టకూడదు. కాగితంతో పాటు తెల్ల టేపు ముక్క ఒకటి తీసుకెళ్తాను. మీకు చెబుతూనే దాన్ని కత్తిరించాను. దాని మీద రాశాను. తొమ్మిదేళ్ల క్రితం, జేబులో పెన్ను ఉండగా, రాయకుండా వదిలేసిన వరుస ఇది:

బుధవారం. ఉదయం ఏడున్నర. ఇరవై ఏడు ఎంఎల్. పోసింది నేను.